ఉరుములకు కప్పిన కంబళి

తొమ్మిది గుడ్లలో ఒక్కటీ కదలలేదు.

యూసుఫ్ ఒక్కోదాన్నీ చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. నిన్న తనకల్లుకు పనికి బయల్దేరేటప్పుడు లోపలి పిల్లలు ముక్కులతో పొడుస్తున్న చప్పుడు చెవులారా విన్నాడు. రెండు గుడ్లకు పెంకు బీట కూడా వేసింది. సాయంత్రం ఉరుముల వాన అతన్ని దారిలోనే ఆపేసింది. తెల్లారి ఇల్లు చేరేసరికి ఇదీ సంగతి.

మళ్లీ పెట్టించడానికి పెట్ట లేదు. కుక్కలు పట్టుకుపోయాయి. దాన్ని అరచేతిలో నూకలు పోసి పెంచిన కూతురు ఆసియా అంతకు ముందే డెంగీ జ్వరంతో పోయింది. ఆ పిల్ల చేత్తో పెంచినదాంట్లో మిగిలినవి ఈ గుడ్లే. అందుకే ఫ్రిజ్‌లు బాగుచేసే యూసుఫ్, ఓ పాత ఫ్రిజ్‌కు బల్బూ ఫ్యానూ బిగించి పొదిగే పెట్టెగా మార్చాడు.

రాప్తాడు హేచరీలో పనిచేసే ముత్యాలప్పకు ఫోన్ చేశాడు.

"ఏమప్పా, ఫ్రిజ్‌లో గుడ్లు పెడితే ఆమ్లెట్ గాక ఇంకేమొస్తాది?" అని నవ్విన ముత్యాలప్ప, తొమ్మిదీ కదలడం లేదని విని గొంతు తగ్గించాడు. "సరే, వేడి చూసినావా?"

"సరిగ్గానే ఉండాది."

"రాత్రి కరెంటు పోయిందా?"

"పోయింది. బ్యాటరీ ఆదుకునింది. ఇంకా ఛార్జి ఉండాది."

"గిన్నెలో నీళ్లు?"

"ఉండాయి."

"ఒక గుడ్డు పగలగొట్టి చూడు."

యూసుఫ్‌కు చేతులు రాలేదు. చివరికి పగలగొట్టాడు. ఈకలతో సహా పూర్తిగా తయారైన పిల్ల. తడిగానే ఉంది, పొరకు అతుక్కోలేదు.

"అట్లయితే గాలాడలేదు. బయటికొచ్చే ముందు పిల్లకు గాలి శానా కావల్ల. బొక్కలు చూడప్పా."

ఫ్రిజ్ నెత్తిన గాలి కోసం తను వేసిన బొక్కల్ని యూసుఫ్ వేలితో తడిమాడు. నల్లటి ఉన్ని పోగులు చేతికొచ్చాయి.

మంచం మీద నల్ల కంబళి మడతపెట్టి ఉంది.

పెరట్లో నుంచి భార్య రంజాన్ బీ వచ్చి గుడ్ల వంక చూసింది. "ఉరుములకు గుడ్లు చెడిపోతాయని మా అమ్మ పొదిగే కోడి గంప మీద కంబళి కప్పుతాండె. నేనూ కప్పితి, రెండు మడతలేసి. పిల్లల చప్పుడు ఆగిపోతే, భయం తీరి నిద్రపోయినాయనుకుంటి. పోయినాయా?"

ఫోన్లో ముత్యాలప్ప "బొక్కలు మూసుకున్నాయా?" అంటున్నాడు. యూసుఫ్ ఫోన్ పెట్టేశాడు.

"బ్యాటరీ ఆగిపోయింది, రంజాన్. నేనే వైరు సరిగ్గా బిగించలేదు. చలికి పోయినాయి."

ఆమె అతని ముఖంలోకి చూసింది.

"ఆసియాకు జ్వరమొచ్చిన పొద్దూ నువ్వు పనికే పోతివి," అంది. "నిన్న కూడా పోతివి."

యూసుఫ్ పగిలిన పెంకులు ఏరాడు.

"నా కంబళి సాలలేదేమో."

"సాలింది. అదుండబట్టే అంతసేపన్నా ఉన్నాయి."

ఆమె అటు తిరగ్గానే పోగులు ఏరి జేబులో వేసుకున్నాడు. గుడ్లను పెరట్లోకి తీసుకుపోయి పార అందుకున్నాడు. వానకు నానిన నేల ఒక్క పోటుకే దిగింది. ఆసియాకు గోరీ తవ్విన పొద్దు గడ్డపారలే వంగిపోయాయి.