ఎడమ కాలు, ఎడమ చెయ్యి

యోహాను గారికి పక్షవాతం వచ్చింది అరవై ఏడు డిసెంబరులో, క్రిస్మస్‌కి నాలుగు రోజుల ముందు. యూనివర్సిటీలో బాటనీ క్లాసు చెబుతూ చెబుతూ నల్లబల్ల దగ్గరే కూలబడిపోయారు. ప్రాణానికి ముప్పు తప్పింది. వంకరపోయిన మూతి నెల తిరిగేసరికి సర్దుకుంది. ఎడమ చెయ్యి జనవరి చివరికి స్వాధీనంలోకి వచ్చింది. ఎడమ కాలు మాత్రం రాలేదు. చేతికర్ర మీద బరువు మోపి, ఆ కాలిని వెనక నుంచి లాక్కుంటూ ఇంట్లో నడిచేవారు. వీధిలోకి వచ్చేవారు కాదు.

తార్నాకలో వాళ్ళ ఇంటి ముందు రేకుల షెడ్డు కింద నల్లటి మోరిస్ మైనర్ కారు ఉండేది. పాత బండే. అయినా ఎనిమిదేళ్ళుగా ఆయన చేత్తో కడిగి, ఆయన చేత్తో నూనె పోసుకున్న బండి. ఆదివారాలు దాంట్లోనే చర్చికి వెళ్ళేవారు. క్లాసు కుర్రాళ్ళను ఎక్కించుకుని మొక్కలు ఏరడానికి ఎక్కడెక్కడికో తిరిగి వచ్చేవారు. ఇప్పుడు దాని మీద దుప్పటి కప్పి ఉంది.

ఫిబ్రవరిలో ఒక పొద్దున వారాసిగూడ నుంచి ఒకాయన వచ్చి, సారు బండి అమ్ముతున్నారట, చూసి పోదామని వచ్చానన్నాడు. ఆ సంగతి కరుణమ్మకు అప్పుడే తెలిసింది. భర్త తనతో ఒక్కమాట అనకుండా ఎవరిచేతో కబురు పెట్టారు. ఆమె వచ్చినాయనకు టీ ఇచ్చి, "బండి అమ్మడం లేదండీ, ఏమనుకోకండి" అని పంపేసింది.

యోహాను గారు కుర్చీలోంచి అంతా విన్నారు.

"నడిపే మనిషి లేనప్పుడు బండెందుకు కరుణా?"

"నేను నడుపుతాను."

ఆ మాట అనేదాకా తను అలా అనబోతున్నట్టు ఆమెకే తెలియదు. నలభై మూడేళ్ళ మనిషి. నాలుగో తరగతి పిల్లలకు పాఠాలు చెప్పుకునే టీచరు. సైకిలైనా తొక్కి ఎరగదు. భర్త నవ్వుతారనుకుంది. ఆయన నవ్వలేదు. చాలాసేపు ఆమె మొహంలోకి చూసి, "తాళంచెవి ఆ సొరుగులో ఉంది" అన్నారు.

మర్నాటి సాయంత్రం నుంచి నేర్పడం మొదలైంది. పక్కింటి వాళ్ళబ్బాయి చేత బండి క్యాంపస్‌లోకి తోలించుకుని, అక్కడ అతన్ని గంట తరవాత మళ్ళీ రమ్మని పంపేసేవారు. రెండు పక్కలా చెట్లున్న వెడల్పాటి రోడ్లు. సాయంత్రం ఆరు దాటితే ఆ రోడ్లలో రిక్షా ఒకటీ అరా తప్ప ఏమీ ఉండదు. కరుణమ్మ చీర కుచ్చిళ్ళు బిగించి దోపుకుని డ్రైవరు సీట్లో కూర్చుంది. యోహాను గారు ఆమెకు ఎడమపక్కన కూర్చున్నారు. చక్రం పట్టుకోవడం, బ్రేకు తొక్కడం రెండు రోజుల్లో వచ్చింది. గేర్లే రాలేదు. ఎడమ కాలితో క్లచ్ తొక్కాలి, ఎడమ చేత్తో గేరు మార్చాలి, కుడికాలు యాక్సిలరేటర్ మీద ఉండాలి, కళ్ళు రోడ్డు మీద ఉండాలి. ఒకటి గుర్తుంటే రెండోది మర్చిపోయేది.

మూడో రోజు ఆయనకు విసుగొచ్చి, "నువ్వు క్లచ్ తొక్కు చాలు, గేరు నేను వేస్తాను" అన్నారు.

అది కుదిరింది. రెండు సీట్ల మధ్య గేరు కడ్డీ ఆయన కుడిచేతికి సరిగ్గా అందింది. ఆయన "ఊఁ" అనగానే ఆమె క్లచ్ తొక్కేది. ఆయన గేరు మార్చేవారు. ఆమె కాలు వదిలేది. నాలుగు రోజులు గడిచేసరికి ఆ "ఊఁ" కూడా అక్కర్లేకపోయింది. ఇంజను శబ్దం మారగానే ఆమె కాలూ ఆయన చెయ్యీ ఒకేసారి కదిలేవి. బండి మెత్తగా పోయేది. రెండు నెలలుగా అన్నం కావాలంటే కావాలి, వద్దంటే వద్దు అన్న మాటలు తప్ప మాట్లాడని మనిషి, దారి పొడుగునా మాట్లాడేవారు. ఆ చెట్టు పేరిది, ఆ రాళ్ళ మధ్య మొలిచేది ఇది, ఈ భవనం కడుతున్నప్పుడు నేను కొత్తగా ఉద్యోగంలో చేరాను అంటూ. ఎదురొచ్చే వాళ్ళకు చెయ్యి ఊపేవారు. ఇరవై రెండేళ్ళ కాపురంలో తమ ఇద్దరికీ ఇంత బాగా కుదిరిన పని మరొకటి లేదని కరుణమ్మకు అనిపించేది. తను డ్రైవింగ్ నేర్చుకోవడం లేదన్న సంగతి ఆమెకు తెలుసు. ఆయనకూ తెలుసు. ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు.

మార్చి మొదటివారంలో ఒకరోజు రోడ్డు పక్క బండల మీద కొండగోగు చెట్టు పూసి ఉంది. ఆకన్నది లేదు, కొమ్మల నిండా పసుపుపచ్చటి పూలు. యోహాను గారు తల తిప్పి దాన్నే చూస్తూ, అలవాటుగా గేరు కడ్డీ లాగారు. ఆ క్షణంలో కరుణమ్మ కాలు క్లచ్ మీద లేదు. గరగరమని చెడ్డ చప్పుడు వచ్చింది. ఆమె బెదిరిపోయి, బ్రేకు అనుకుని యాక్సిలరేటర్ తొక్కింది. బండి ఎగిరి రోడ్డు దిగి, కల్వర్టు గోడకు కొట్టుకుని ఆగిపోయింది.

ఒక దీపం పగిలింది. యోహాను గారి నుదురు ముందు అద్దానికి తగిలి కనుబొమ మీద చిట్లింది. రక్తం చూసి కరుణమ్మ చక్రాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంది. చక్రం వదిలి ఆయన్ని పట్టుకోవాలని కూడా తోచలేదు.

కొంచెం దూరంలో బండ మీద కూర్చుని బీడీ కాల్చుకుంటున్న ఒక పెద్దమనిషి పరుగున వచ్చి తలుపు తీశాడు. భుజం మీది తువ్వాలతో యోహాను గారి నుదురు అదిమిపట్టి, "ఏం గాలే సారూ, పైపైన తాకింది" అన్నాడు. తరవాత బండిలోకి వంగి అంతా కలయజూశాడు. చక్రం ముందు కరుణమ్మ. గేరు కడ్డీ మీద ఇంకా యోహాను గారి చెయ్యి.

"ఎవరు నడుపుతున్నరు బండి?" అని అడిగాడు.

యోహాను గారు కడ్డీ మీది చెయ్యి తీసేశారు.

ఆయన పేరు పోచయ్య. ఇరవై ఏళ్ళు యూనివర్సిటీ బస్సు నడిపి ఆ ఏడాదే రిటైరయ్యాడు. అడిక్‌మెట్‌లో ఉంటాడు. ఇంట్లో తోచక సాయంత్రాలు క్యాంపస్‌లోనే తిరుగుతుంటాడు. ఆ పూట బండిని ఆయనే తోలుకొచ్చి షెడ్డులో పెట్టాడు. వెళ్ళబోతూ, గేటు దగ్గర కరుణమ్మతో మాత్రం చెప్పాడు.

"అమ్మా, గిట్ల బండి రాదు. కాలు మీది, చెయ్యి సారుది. బండికి ఎవరి మాట ఇనాల్నో తెలుస్తలేదు. సారు పక్కన కూసున్నన్ని దినాలు మీ ఎడమ చెయ్యికి పనే లేదు. పనే లేని చెయ్యి ఏం నేరుస్తది? నేను నేర్పిస్త. ఇంట్ల ఊకెనే కూసుంటున్న. గని సారు బండిల ఉండొద్దు."

ఆ మాట భర్తకు చెప్పడానికి ఆమెకు మూడు రోజులు పట్టింది. చెప్పాక ఆయన నుదుటి మీది ప్లాస్టరు తడుముకుంటూ కూర్చున్నారు.

"ఆ ఒక్క గేరు మార్చడానికే కదా నేను పనికొచ్చాను. దానికి కూడా వద్దా?"

"మీరు వద్దని కాదండీ..."

"మరి?"

"మీ చెయ్యి అక్కడుంటే నా చెయ్యి లేవడం లేదు. పాపం, మీరు వేస్తారులే అనుకుంటోంది."

ఆమె అడిక్‌మెట్‌కి కబురు పంపింది. మర్నాడు సాయంత్రం పోచయ్య వచ్చేసరికి యోహాను గారు లోపలి గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నారు. బండి వీధి మలుపు తిరిగేదాకా కరుణమ్మకు ఏడుపు ఆగలేదు. పోచయ్య చూడనట్టు ఊరుకున్నాడు.

ఆయన నేర్పే పద్ధతి వేరు. మొదటి వారం బండి కదలనివ్వలేదు. ఇంజను ఆపి ఉంచి, క్లచ్ తొక్కు, ఒకటో గేరు, రెండో గేరు, మూడు, నాలుగు, మళ్ళీ న్యూట్రల్ అంటూ వందసార్లు వేయించాడు.

"కడ్డీ దిక్కు చూడొద్దమ్మా. అన్నం తినేటప్పుడు నోరు యాడుందో చూసుకుంటరా? గట్లనే."

రెండో వారం కదిలింది. కదిలిందంటే ఎగిరింది, ఆగింది, మళ్ళీ ఎగిరింది. ఆ రోజు తొమ్మిదిసార్లు ఇంజను ఆగిపోయింది. "జర సైసు, ఓపిక పట్టుండ్రి. కాలు ఒక్కపారి ఇడిస్తె బండి బెదురుతది. మెల్లగ, మెల్లగ ఇడువుండ్రి" అనేవాడు. ఆమెకు మెల్లగా అంటే ఎంత మెల్లగానో అర్థమయ్యేది కాదు. ఇంటికొచ్చేసరికి ఎడమ పిక్క రాయిలా బిగిసిపోయేది.

ఒకరోజు భోజనాల దగ్గర ఆమె కాలు రుద్దుకుంటూ కూర్చుంది. అన్ని రోజులుగా డ్రైవింగ్ ఊసు ఎత్తని యోహాను గారు, ముద్ద చేతిలో పట్టుకుని ఆ కాలి వంకే చూశారు.

"మడమ ఎక్కడ పెడుతున్నావు?"

"గాల్లోనే ఉంటుందండీ. అందదు కదా."

"అందుకే నొప్పి. సీటు ముందుకు జరుపుకో. వీపు వెనక దిండు పెట్టుకో. మడమ కింద ఆనించి మునివేళ్ళతో వదలాలి."

తరవాత భోజనం ముగించి, "ఆ రెండు పళ్ళేలు ఇలా పట్రా" అన్నారు.

ఆమె రెండు స్టీలు పళ్ళేలు కడిగి తెచ్చి ఇచ్చింది. ఆయన ఒకదాన్ని బల్ల మీద బోర్లించి, రెండోదాన్ని దాని మీద కొంచెం ఎత్తులో పట్టుకున్నారు.

"కిందది ఇంజను. ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. పైది చక్రాలు. నువ్వు క్లచ్ తొక్కినప్పుడు ఇవి రెండూ విడిపోతాయి. కాలు వదులుతుంటే దగ్గరికొస్తాయి. ఏదీ, కిందది తిప్పు."

ఆమె కింది పళ్ళేన్ని తిప్పింది. ఆయన పైదాన్ని దాని మీదకి దించారు. మొదట రెండూ రాసుకుని కీచుమన్నాయి. పైది జారింది, ఇంకొంచెం జారింది, తరవాత దానితో పాటు మెల్లగా తిరగడం మొదలుపెట్టింది.

"చూశావా? ఆ జారడం ఉండాలి. జారకుండా ఒక్కసారే పట్టుకోమంటే తిరగని దాన్ని తిరిగేది ఈడ్చిపారేస్తుంది. నువ్వు కాలితో చెయ్యాల్సిందల్లా ఆ జారుడుకి కాస్త టైమివ్వడం."

ఆయన గొంతులో మార్పు ఆమె అప్పుడు గమనించింది. అది ఇంట్లో గొంతు కాదు. ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో క్లాసులో చెప్పే గొంతు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి తలుపు పక్కన నిలబడి విన్నది. ఆ రాత్రి ఆయన కాగితం తెప్పించుకుని గేర్ల బొమ్మ వేశారు. ఎత్తు ఎక్కేటప్పుడు గేరు ఎందుకు దించాలో చెప్పారు. అర్థమైందా అని అడిగి, కాలేదంటే విసుక్కోకుండా మళ్ళీ చెప్పారు.

మర్నాడు వీపు వెనక దిండు పెట్టుకుని, మడమ కింద ఆనించి, కళ్ళ ముందు ఆ రెండు పళ్ళేలు ఊహించుకుంటూ ఆమె కాలు వదిలింది. బండి ఒక్క కుదుపూ లేకుండా కదిలింది. పోచయ్య ఆశ్చర్యపోయాడు.

"ఇయ్యాల ఏమైందమ్మా? ఎవరు చెప్పిన్రు?"

"సారు."

"గట్ల చెప్పుండ్రి మరి. సారు నోటితోని నేర్పితె మంచిదే. చెయ్యితోనే కష్టం."

ఏప్రిల్, మే నెలలు అలా గడిచాయి. సాయంత్రం పోచయ్యతో రోడ్డు మీద, రాత్రి భోజనాలప్పుడు భర్త దగ్గర పాఠం. ఇవాళ ఎక్కడ ఆగిపోయింది, అప్పుడు ఇంజను చప్పుడు ఎలా ఉంది అని ఆయన గుచ్చిగుచ్చి అడిగేవారు. ఎత్తు రోడ్డులో బండి వెనక్కి జారకుండా కదిలించడం ఆమెకు పదిహేను రోజులు పట్టింది. ఆ పదిహేను రోజులూ ఆయనకు నిద్ర సరిగా పట్టినట్టు లేదు. చివరికి ఒకరోజు ఇంజనీరింగ్ కాలేజీ దగ్గర ఎత్తులో ఆపి, ఒక్క అంగుళం జారకుండా ఎక్కించి ఇంటికి వస్తే, ఆయన గేటు బయట వీధిలో కర్ర పట్టుకుని నిలబడి ఉన్నారు. డిసెంబరు తరవాత ఆయన వీధిలోకి రావడం అదే మొదలు.

జూన్‌లో లైసెన్సు వచ్చింది. పరీక్ష పెట్టిన ఇన్‌స్పెక్టరు మొదట కరుణమ్మను, తరవాత వరండాలో ఉన్న పోచయ్యను చూసి, "లైసెన్సు ఎవరికి?" అని అడిగాడట. బండి దిగేటప్పుడు మాత్రం, "మా డ్రైవర్ల కన్నా మీరే నయమమ్మా, గేరు చప్పుడే కాలేదు" అన్నాడు. పోచయ్య ఆ మాట దారంతా పదిసార్లు చెప్పుకున్నాడు. ఇంటికొచ్చి యోహాను గారికి ఇంకోసారి చెప్పాడు. యోహాను గారు ఆయన చెయ్యి పట్టుకుని, "కూర్చో పోచయ్యా, భోంచేసి వెళ్దువుగాని" అని పక్కన కూర్చోబెట్టుకున్నారు.

ఆ రాత్రే యోహాను గారు సెలవు చాలిస్తున్నట్టు ఉత్తరం రాశారు. "కూర్చుని పాఠం చెబితే పిల్లలు వినరా?" అని అడిగారు. "నేను విన్నాను కదండీ" అంది ఆమె.

యూనివర్సిటీ తెరిచిన రోజు ఆమె తన స్కూలుకు సెలవు పెట్టి, బాటనీ విభాగం మెట్ల ముందు బండి ఆపింది. దిగడానికి సాయం చేయబోతే ఆయన వద్దన్నారు. ఒక్కొక్క మెట్టే ఎక్కి, లోపలికి మలుపు తిరిగారు. వెనక్కి చూడలేదు. ఆమె బండిలోనే కూర్చుంది. పక్క సీటు ఖాళీగా ఉంది. పోచయ్య కూడా లేడు. బండిలో తనొక్కతే ఉండడం ఇదే మొదటిసారి. ఫిబ్రవరి నెల సాయంత్రాలు గుర్తొచ్చాయి. ఆయన చెయ్యీ తన కాలూ ఒక్కసారే కదిలిన రోజులు. డ్రైవింగ్ వచ్చింది కాబట్టి అవి ఇక రావు. కొంచెం దిగులుగానే అనిపించింది. అయినా గేరు వేసింది.

ఇంటికి వెళ్దామనే బయల్దేరింది. తార్నాక చౌరస్తాలో ఇంటివైపు తిరగాల్సింది తిరగలేదు. ఎందుకో ఆమెకే తెలియదు. బండి పోతూనే ఉంది. కాసేపటికి దూరాన మౌలాలి గుట్ట, పైన దర్గా కనబడ్డాయి. గుట్ట దగ్గర్లో చెట్టు నీడన ఆపి, అద్దాలు దించుకుని చాలాసేపు కూర్చుంది. ఏమీ ఆలోచించలేదు. గుట్ట ఎక్కేవాళ్ళను, దిగేవాళ్ళను చూసింది. తిరిగి వచ్చి, ఒంటిగంటకు మెట్ల ముందు బండి ఆపింది.

యోహాను గారు ఎక్కి కూర్చున్నారు. అలసిపోయి ఉన్నారు. చొక్కా మీద సుద్దపొడి ఉంది.

"పొద్దున్నుంచి ఏం చేశావు?"

"మౌలాలి దాకా వెళ్ళొచ్చానండీ. ఊరికే."

"ఒక్కదానివేనా?"

"ఒక్కదాన్నే."

ఆయన రెండు చేతులూ కర్ర మీద ఆనించి ఎదురుగా రోడ్డు చూస్తూ కూర్చున్నారు.

"ఆ గుట్ట ముందు ఎత్తు ఉంటుంది చూడు, అక్కడ మూడో గేరులో ఎక్కిందా?"

"లేదండీ. రెండుకి దించాల్సి వచ్చింది."

"నేనూ అక్కడ రెండుకి దించేవాణ్ణి" అన్నారాయన.