నల్లరంగు వేసిన పిట్ట

మా అక్కకు పిట్టల పిచ్చి. పన్నెండేళ్లుగా ఒకే కొండను పట్టుకుని వేలాడుతోంది. ఆ కొండ మీద ఉండేవి నల్లపిట్టలు, కింద మైదానంలో ఉండేవి గోధుమరంగు పిట్టలు. ముక్కు, తోక, గూడు కట్టే తీరు అచ్చు గుద్దినట్టు ఒకటే. రంగు మాత్రమే వేరు. కొండను రాళ్ల క్వారీకి ఇవ్వాలా వద్దా అని ఒక కమిటీ కూర్చుంది. నల్లది వేరే జాతి అని తేలితే కొండ దక్కుతుంది, లేకపోతే పోతుంది.

తేల్చాల్సింది నేను. రక్తపు చుక్కల్లోంచి జన్యువులు చదవడం నా ఉద్యోగం. మొత్తం గాలించినా గట్టి తేడా రెండే చోట్ల కనిపించింది. ఆ రెండూ ఈకల రంగుకు సంబంధించినవే.

"రెండంటే రెండేనా?" అంది అక్క ముఖం మాడ్చుకుని.

"మిగతావి నేనేమైనా దాచుకున్నానా అక్కా?"

"అయినా అవి ఒకదాన్నొకటి దగ్గరికి రానివ్వవే. కళ్లారా చూశాను."

"చూశానంటే కమిటీ ఒప్పుకోదు. గోధుమరంగు మగపిట్టకి నల్లరంగు వేసి కొండ మీద వదులు. ఆడపిట్ట ఏం చేస్తుందో చూద్దాం."

ఆ దిక్కుమాలిన సలహా నాదే. ఇంకెవరి మీదకీ నెట్టలేను.

జుట్టుకు వేసుకునే, కడిగితే పోయే రంగు తెచ్చాం. మైదానంలో ఆరు మగపిట్టల్ని పట్టి, అక్క ఒక్కోదాన్నీ గుప్పిట్లో పట్టుకుని చిన్న కుంచెతో ఈక ఈకకూ వేసింది. "పెళ్లికొడుకును చేస్తున్నావా ఏంటి?" అని ఎగతాళి చేశాను. ఆరింటిలో ఐదు మైదానానికి పారిపోయాయి. ఆరోదాన్ని ఒక నల్ల ఆడపిట్ట మెచ్చి జతకట్టింది. మూడు గుడ్లు, మూడు పిల్లలు. పిల్లల రక్తం పరీక్షిస్తే తండ్రి అదేనని తేలింది.

ఎగిరి గంతేశాను. వాటిని విడదీస్తున్నది రంగేనని రుజువైందిగా, వేరే జాతి అనడానికి ఇంతకన్నా ఏం కావాలి అనుకున్నాను.

"పిల్లలు ఎగిరేదాకా ఆగవే," అని అక్క బతిమాలింది. గడువు ఇంకా నెల ఉంది. నేను ఆగితే కదా! నివేదిక రాసి, సంతకం పెట్టి పంపేశాను.

కమిటీ అందులో ఒక్క ముక్కే పట్టుకుంది. కలిసి పిల్లల్ని కంటున్నాయి కాబట్టి రెండూ ఒకటే జాతి అని తేల్చేసింది. కొండ క్వారీకి వెళ్లిపోయింది.

అదే వారం వానలు పడ్డాయి. మగపిట్ట ఒంటి మీది రంగు కారిపోయి, మెడ దగ్గర గోధుమరంగు బయటపడింది. పిల్లలకు పురుగు నోట కరుచుకుని గూటికి వస్తే, ఆడపిట్ట పొడిచి పొడిచి తరిమేసింది. తనొక్కతే ఆ వానలో మేత తేలేకపోయింది.

అక్క అట్టపెట్టె తెచ్చి నా బల్ల మీద పెట్టింది. లోపల మూడు పిల్లలు చచ్చిపడి ఉన్నాయి, ఇంకా సరిగ్గా ఈకలైనా రాలేదు.

"రంగు పోగానే మొగుడు కాకుండా పోయాడు. ఇది కూడా రాయి," అంది.

రాశాను. ఫోటోలు కూడా జతచేశాను. కమిటీ అధికారి ఫోన్‌లో మర్యాదగానే మాట్లాడాడు. "ఫైలు మూసేశామండీ. మీ నివేదిక చూసే కదా నిర్ణయం తీసుకుంది!"

అక్కకు ఆ మాట చెప్పాను. నాలుగు తిట్టి ఉంటే నాకు కాస్త ఊపిరాడేది. తిట్టలేదు.

"రక్తం పట్టే గొట్టాలు ఎన్ని ఉన్నాయే?" అని అడిగింది.

"ఇరవై. ఎందుకక్కా?"

"యంత్రాలు వచ్చేలోపు అన్నిటి రక్తం తీసి నీ దగ్గర దాచిపెట్టు. ఇరవై సరిపోతాయిలే. కొండ మీద ఉన్నవి పందొమ్మిదే."