పూచీ ఏడాది

ఫ్రెంచి చక్రవర్తి రష్యా మీద యుద్ధానికి దిగిన వసంతంలో మా కొండ ఊళ్ల కుర్రాళ్లందరూ మురా పట్నం వెళ్లి చీట్లు తీశారు. చిన్న అంకె వచ్చినవాడు పటాలానికి పోవాలి. బ్లేజ్ కొడుకు జెరోకి చిన్న అంకె వచ్చింది. బ్లేజ్ మంచి ఆవుల్ని అమ్మి, ఆ డబ్బుతో కొడుక్కి బదులు వితాల్‌ని కుదిర్చాడు. వితాల్ తల్లీతండ్రీ లేనివాడు. వేసవంతా కొండ మీదే ఉండి పాలు పితికి జున్ను చేసేవాడు.

చట్టంలో ఒక మెలిక ఉంది. బదులు వెళ్లినవాడు ఏడాదిలోగా పారిపోతే అసలువాడే పోవాలి. ఈలోగా చచ్చిపోతే మాత్రం పూచీ తీరినట్టే. ఈ రెండో మాట మా ఊళ్లో ఎవరూ పైకి అనరు, కానీ అందరికీ తెలుసు.

మరుసటేడు మే ఆఖరున వితాల్ సెలవు మీద వచ్చాడు. యుద్ధం జరిగే క్రిమియా మంచులో అతని ఎడమ కాలి వేళ్లు పోయాయి. నేరుగా బ్లేజ్ ఇంటికి వచ్చి, సూపు తాగుతూ అన్నాడు:

"పెద్దయ్యా, నేనింక తిరిగి పోను."

బ్లేజ్ చీట్లు తీసిన రోజు నుంచి లెక్కేసుకున్నాడు. ఏడాది దాటిపోయింది. రొట్టె కోస్తూ తలెత్తకుండానే జవాబిచ్చాడు.

"పోతే పో, లేకపోతే మానెయ్. నీకూ మాకూ ఇంకేముందిరా? పోలీసులొచ్చేటప్పటికి మా గుమ్మంలో ఉండకు, అంతే."

వితాల్ చెంచా దించాడు. సూపు ఇంకా సగం ఉంది. జెరో భార్య ఫ్లావీకి ఏడో నెల. నడుం పట్టుకుని లేచి "తాగి వెళ్లన్నా" అంది. అతను టోపీ పెట్టుకుని కొండెక్కిపోయాడు, ఆవుల దగ్గరికి.

ఆ ఆదివారం చర్చి బయట మేయరు బ్లేజ్‌ని ఆపాడు.

"వితాల్ పోనంటున్నాడటగా?"

"వాడిష్టం. మా ఏడాది మార్చిలోనే అయిపోయింది."

"మార్చిలో నీ కొడుకు తీసింది అంకె. మనిషిని మార్చింది జులైలో. జిల్లా అధికారి ప్రిఫెక్టు ముందు సంతకం పెట్టిన రోజు నుంచే లెక్క. వచ్చే శనివారానికి వాడు పటాలంలో లేకపోతే జెరోకి తాఖీదు వస్తుంది."

ఇంటికొచ్చాక బ్లేజ్ కోటు విప్పలేదు.

"పోలీసులకి చెబుతాను. వాళ్లే ఈడ్చుకుపోతారు."

"గుమ్మంలో ఉండొద్దన్నది మీ నోరే కదా మావయ్యా," అంది ఫ్లావీ. "వెళ్లి ఆ నోటితోనే అడగండి."

"ఈ మోకాళ్లతో కొండెక్కలేనమ్మా."

"మోకాళ్లా, మీసాలా అడ్డం?"

జెరో లేచి చెక్క చెప్పులు తొడుక్కుని బయల్దేరాడు.

వితాల్ రాతి గుడిసె ముందు పాలు పితుకుతున్నాడు. మా ఆవులు దూడ పక్కన లేకపోతే పాలు చేపవు. దూడని ఆవు ముందు కాలికి కట్టి, నుదురు ఆవు డొక్కకి ఆనించి కూర్చున్నాడు.

"మా నాన్న లెక్క తప్పాడురా," అన్నాడు జెరో. "ఇంకా జులై దాకా ఉందట."

"ఆయన పంపాడా?"

"లేదు."

"నన్ను కుదుర్చుకున్నప్పుడు మీ నాన్న అడిగాడు. మేయరు అడిగాడు. నువ్వు కొట్టంలోంచి బయటికి రాలేదు. ఇప్పుడైనా అడుగు."

"ఫ్లావీకి నెలలు నిండుతున్నాయి..."

"అది ఫ్లావీ మాట."

"నాన్న ఒక్కడూ పొలం..."

"అది మీ నాన్న మాట."

పాలు బాల్చీలో పడుతున్నాయి. జెరో దూడ వైపు చూశాడు.

"నాకు భయం," అన్నాడు. "నువ్వు పోవాలనే ఉంది నాకు. నువ్వక్కడే చస్తే బాగుండునని కూడా ఒకసారి అనుకున్నా."

వితాల్ చేతులు ఆగాయి.

"ఒకసారేనా?"

"కాదు."

ఆవు తల తిప్పి చూసింది. వితాల్ మళ్లీ పితకడం మొదలుపెట్టాడు.

"నువ్వు పోనంటే పొమ్మనను," అన్నాడు జెరో. "పోలీసుల్ని పంపనివ్వను. నేనే వెళతా."

"నువ్వా! అక్కడ బురదలో నీ చెక్క చెప్పులు వెతుక్కోడానికే సరిపోతుంది నీకు." వితాల్ కాసేపు నవ్వాడు. తర్వాత నవ్వలేదు. "నాకూ భయమేరా. అక్కడ అందరికీ భయమే. ఆ మాట చెప్పుకోడానికే ఎవడూ దొరకడు."

ఆ ఆవుని పితకడం ముగించాడు. అప్పుడు దూడని విప్పి, మిగిలిన పాలకి వదిలి, లేచి నిలబడ్డాడు.

"జులై దాకా పారిపోను. ఆ తర్వాత నా ఇష్టం."

"ఆ తర్వాత మా ఇంటికే రా."

"మీ నాన్న తోలేస్తే?"

"నాన్నకి నేను చెబుతాను."

"చెప్పగలవా?"

"నీకు చెప్పాను కదా."

సోమవారం పొద్దున క్లెర్మాన్ పట్నం పోయే బండి సంత దగ్గర ఆగింది. వితాల్ సంచీ అందుకుని పైన పడేసిన జెరో, తనూ ఎక్కి కూర్చున్నాడు.

"నువ్వెక్కడికి?"

"పటాలం బారకాసు గేటు దాకా."

"కాపలానా?"

"కాదు. అంత దూరం ఒక్కడివే ఎందుకని."

వితాల్ అతని మొహం వైపు చూశాడు. నమ్మాడో లేదో గానీ, కుంటి కాలు లోపలికి లాక్కుని చోటిచ్చాడు. బండి కదిలింది.