విజిల్ లేని కుక్కర్‌లో మల్లెచెట్టు

నేను ఒక పది లీటర్ల కుక్కర్‌ని. మూత లేదు, విజిల్ లేదు, అడుగున మూడు చిల్లులున్నాయి. అయినా కుక్కర్‌ననే చెప్పుకుంటాను. రిటైరై పదేళ్లయినా గేటు మీద హోదా చెరపని మనుషుల్ని చూస్తూనే ఉన్నాను, నాకేం తక్కువ?

అల్యూమినియం రేకుని యంత్రం కింద పెట్టి ఒక్క గుద్దు గుద్దితే నేను పుట్టాను. తణుకులో మాణిక్యాంబ గారి పెళ్లికి కానుకగా వచ్చాను. నా మీద ఇచ్చినవారి పేరు చెక్కి ఉండటంతో ఇంకో పెళ్లికి దాటించే వీల్లేక ఉంచేసుకున్నారు. ముప్పై ఏళ్లు ఆ వంటింట్లో నా మాటే మాట. నేను మూడు కూతలు పెడితే తప్ప ఎవరూ కంచం ముందు కూర్చునేవారు కాదు. ఒకరోజు మూత చేజారి అంచు సొట్టపోయింది. బాగుచేసేవాడు పెదవి విరిచాడు. మూత పాతసామాన్ల బండెక్కింది. నన్నూ ఎక్కించబోతుంటే మాణిక్యాంబ గారు ఆపి, అడుగున మేకుతో చిల్లులు పొడిచి, మట్టి నింపి, మల్లె అంటు నాటి డాబా మీద పెట్టారు.

ఆవిడకి ఒక పంతం ఉంది. పక్క డాబా భ్రమరాంబ గారి సిమెంటు తొట్టిలో మల్లె విరగబూసేది. వేసవి సాయంత్రాలు ఆవిడ గిన్నెడు మొగ్గలు పిట్టగోడ మీదుగా అందిస్తూ, "మీ చెట్టు పూసేదాకా వీటితో సరిపెట్టుకోండి వదినగారూ!" అనేవారు. పొరుగువాళ్ల గిన్నె ఖాళీగా ఇవ్వకూడదు కదా, మాణిక్యాంబ గారు అందులో పంచదార పోసి పంపేవారు. రెండు వేసవులు పంచదారే. ఒక్కసారైనా తన చెట్టు మొగ్గలు గిన్నె నిండా పంపాలని ఆవిడ ప్రాణం కొట్టుకునేది.

"ఈ ఏడూ పూయలేదో, చెట్టూ వద్దు, కుక్కరూ వద్దు. రెండూ పాతసామాన్లకే!" అనేశారొకరోజు.

నిజానికి ఆవిడ తప్పేమీ లేదు. మల్లెకి చలికాలం నీళ్లు ఆపేయాలి. చెట్టు వాడి వేలాడాక ఆకంతా దూసి, కొమ్మలు కత్తిరించి, అప్పుడు ఎరువేసి నీళ్లు పెడితే వేసవికి పూస్తుంది. ఆవిడ అన్నీ పద్ధతిగానే చేసేవారు. చెడగొడుతున్నది వాళ్లాయన కామేశం గారు. ఆయన మున్సిపాలిటీలో ముప్పై ఏళ్లు ఊరికి కుళాయి నీళ్లు వదిలిన మనిషి. వాడిన ఆకు చూస్తే ఆయన గొంతు ఎండిపోయేది. మధ్యాహ్నం ఆవిడ కునుకు తీయగానే మగ్గుతో మెల్లగా మెట్లెక్కి, "పాపం, నోరులేని జీవి" అంటూ నిండా పోసేసేవారు. చెట్టు సుఖంగా ఆకులేసుకుని కూర్చునేది. ఎవరి చేతిలో చెట్టు పాడవుతోందో కూత పెట్టి చెబుదామంటే నా విజిల్ కింద వంటింటి సొరుగులో ఉంది. ఎంత ఏడ్చానో!

చివరికి నా చిల్లులే నన్ను కాపాడాయి. మూడో ఏడు పుష్యమాసంలో ఆవిడ నా పక్కనే గుడ్డ పరిచి గుమ్మడి వడియాలు ఎండబెట్టారు. నాలోంచి కారిన నీళ్లు వెళ్లి ఆ గుడ్డ తడిపేశాయి.

"ఏవండీ! ఈ నీళ్లెక్కడివి?"

"మంచేమోనే..."

"మిట్టమధ్యాహ్నం మంచా? రెండేళ్లుగా మీరేనా? మీ జాలి మండిపోనూ, నాచేత రెండేళ్లు పంచదార మోయించారు కదండీ!"

ఇకమీదట నాలో చుక్క నీళ్లు పోయనని ఆయనచేత ఒట్టు వేయించారు. ఆయన ఒట్టు తప్పలేదు. రోజూ మగ్గుతో పైకొచ్చి, నా చెట్టు కేసి చూసి నిట్టూర్చి, పిట్టగోడ దగ్గరికి నడిచేవారు.

చైత్రంలో నా ఒళ్లంతా మొగ్గలే! మాణిక్యాంబ గారు గిన్నె నింపి, పైన గోపురంలా పోసి, గోడ మీదుగా పంపారు. మర్నాడు గిన్నె తిరిగొచ్చింది. అందులో పంచదార!

"ఏం చెప్పను వదినగారూ, ఈ ఏడు మాది ఒట్టి ఆకులే," అన్నారు భ్రమరాంబ గారు, ముఖం చిన్నబుచ్చుకుని.

"నీళ్లెక్కువయ్యుంటాయి."

"చలికాలమంతా చుక్క పోస్తే ఒట్టు!"

వెనకే నిలబడ్డ కామేశం గారికి పొలమారింది. మాణిక్యాంబ గారు అదేం గమనించలేదు. గిన్నె గుండెకి హత్తుకుని, "పోనీలెండి, మీ చెట్టు పూసేదాకా మా మొగ్గలతో సరిపెట్టుకోండి వదినగారూ!" అన్నారు. ఇన్నేళ్లలో ఆవిడ ముఖం అంత వెలగడం నేనెప్పుడూ చూడలేదు.

ఆ చలికాలమంతా పిట్టగోడ మీదుగా వంగిన మగ్గుని చూసింది నేనొక్కదాన్నే. విజిల్ లేనందుకు మొదటిసారి సంతోషించాను.