యజమాని సమక్షంలో

మా ఆయన బీమా కంపెనీలో నష్టాల పరిశీలకుడు. ఎక్కడైనా గోడ కూలినా, కారు గుద్దుకున్నా, గోదాము తడిసినా వెళ్ళి, "ఇది నిన్న తగిలిన దెబ్బ కాదు, పాతది" అని తేల్చడం ఆయన ఉద్యోగం. జనం చెప్పే అబద్ధాలు వినీ వినీ ఆయనకి నిజం మీద వ్యామోహం పుట్టింది. వ్యామోహం అన్నాను, ప్రేమ అనలేదు. ప్రేమైతే ఎప్పుడో ఒకప్పుడు కాసేపు ఊరుకుంటుంది.

రెండో జబ్బు బేరం. సూదుల పాకెట్ తెమ్మని పంపినా సరే, కొట్టువాడి చేత మూడు చెరువుల నీళ్ళు తాగించి వస్తారు. వచ్చాక ఎంత తగ్గించారో నాకు చెప్తారు. నేను మెచ్చుకోకపోతే మళ్ళీ చెప్తారు.

ఇలాంటి మనిషితో ఇల్లు అమ్మించాల్సిన అవసరం నాకొచ్చింది. నేను బట్టలు కుడతాను. మా ఇల్లు మూడో అంతస్తు, లిఫ్టు లేదు. కుట్టించుకోవడానికి వచ్చేవాళ్ళు ఒకసారి రొప్పుతూ ఎక్కొస్తారు, రెండోసారి ఇంకొకళ్ళని వెతుక్కుంటారు. ఈ మధ్య వెనక వీధిలో ఓ చిన్న ఇల్లు అమ్మకానికొచ్చింది. ముందు గదికి రోడ్డు మీదకి తెరుచుకునే షట్టరు ఉంది. మిషను అక్కడ పెట్టి, పైన బోర్డు కట్టుకుంటే చాలు, అది నా కొట్టు. ఆ ఇంటావిడ నెలాఖరు దాకా ఆగుతానంది. మా ఇల్లు అమ్ముడైతేనే అది మాకొస్తుంది. జీవితంలో నేను దేన్నీ అంతగా కోరుకోలేదు.

ఇల్లు అమ్మిపెట్టే ఏజెంటమ్మ హెల్మెట్ చంకలో పెట్టుకుని, ఒప్పందం కాగితాలతో వచ్చింది. నవ్వుమొహం మనిషి. కూర్చోగానే, "రెండు శాతం కమిషను సార్. మూడు నెలలు నేను తప్ప ఇంకెవరూ అమ్మకూడదు" అంది.

"రెండు శాతం దేనికి?" అన్నారు మా ఆయన. ఆయన కళ్ళలో ఆ వెలుగు చూసి నేను టీ పెట్టడానికి లేచాను. ఇది తొందరగా తేలే వ్యవహారం కాదు.

"ఫొటోలు తీయాలి, ప్రకటనలు వేయాలి, జనాన్ని తీసుకురావాలి, వాళ్ళు అడిగినవాటికి జవాబులు చెప్పాలి."

"జవాబులు నేను చెప్తాను. ఆ మేరకి తగ్గించండి."

టీ అయిపోయేసరికి రెండు ఒకటిన్నరైంది, మూడు నెలలు ఒక్క నెలైంది. అక్కడితో ఆగితే మా ఆయన ఎందుకవుతారు? "ఇంకో మాట రాయండి. ఎవరికి చూపించినా యజమాని సమక్షంలోనే చూపించాలి. మీరేం చెప్పి అమ్ముతారో నాకేం తెలుసు?"

ఏజెంటమ్మ తేలిగ్గా నవ్వేసింది. "ఉండండి సార్, మీ ఇల్లే కదా" అంటూ రాసేసింది. పాపం, అక్కడే ఆవిడ దెబ్బతింది. కమిషను తగ్గించుకోవడం కంటే అదే ఖరీదైన షరతని ఆవిడకి తెలీదు. నాకు తెలుసు, కానీ గెలిచిన ఆనందంలో ఉన్న ఆయన్ని చూసి ఊరుకున్నాను.

మొదట కొత్తగా పెళ్ళైన జంట వచ్చింది. మా ఆయన ఆఫీసుకి తీసుకెళ్ళే టార్చి, చిన్న సుత్తి పట్టుకుని గుమ్మంలోనే తయారు. ఏజెంటమ్మ కిటికీ చూపిస్తూ, "గాలి చూడండి ఎంత బాగా వస్తుందో" అంటుండగానే, ఈయన పడగ్గదిలో బీరువా పక్కకి జరిపారు.

"ఇది తేమ. సున్నం వేయించాను, మళ్ళీ వచ్చింది. మీరు వేయించినా వస్తుంది" అని టార్చి కొట్టి చూపించారు. తర్వాత స్నానాలగదిలో పలకల మీద సుత్తితో కొట్టి, "విన్నారా? లోపల బోలు. ఇవాళ్టికి ఊడదు, కానీ ఊడుతుంది" అన్నారు. ఆ అమ్మాయి మొగుడి చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇల్లు కూలిపోయేలోగా బయటపడదామన్నట్టు ఇద్దరూ దిగిపోయారు.

తర్వాత వచ్చిన బ్యాంకు ఆయన వంటింటి గట్టు దాకా కూడా రాలేదు. ఇంకో కుటుంబానికి ఏ తప్పూ కనబడకపోతే, పక్కింటాయన గురక ఏ గోడలోంచి వినిపిస్తుందో ఈయనే చూపించారు. ప్రతిసారీ వాళ్ళు వెళ్ళాక తృప్తిగా చేతులు కడుక్కుని, "రేపు ఎవరూ మనల్ని ఒక మాట అనడానికి లేదు" అనేవారు. అనడానికి మనిషంటూ కొనాలి కదా.

ఏజెంటమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి నవ్వు కాస్త సన్నబడింది. "సార్, ఒకటింపావుకి చేస్తాను. ఆ సమక్షం మాట తీసేయండి."

"నిజానికి పావు శాతం వెల కడతారా?"

"నిజం చెప్పొద్దని నేననలేదు సార్. నేనే చెప్తాను. మీరు గంటసేపు చెప్పేది నేను నిమిషంలో చెప్తాను."

ఆయన మొహం గంటు పెట్టుకున్నారు. నేను ఊరుకోలేక, "ఇంకో రెండుసార్లు సుత్తి పట్టుకుని నిలబడండి, ఒక్క శాతానికి దిగుతుంది. ఆ తర్వాత ఎదురు తనే ఇస్తుంది" అన్నాను. ఏజెంటమ్మ నవ్వింది. ఆయన నవ్వలేదు. చివరికి నేనే మధ్యేమార్గం చెప్పాను. ఇల్లు ఇద్దరి పేరా ఉంది కాబట్టి, ఇకనుంచి నేను దగ్గరుంటాను, ఆయన ఆఫీసుకి పోవాలి, కమిషను ఒకటింపావు. నాకైతే నోరు అదుపులో ఉంటుందని గట్టిగా చెప్పాను కూడా.

నెల సగం దాటాక భార్యాభర్తలిద్దరు వచ్చారు. నేను పైనుంచి చూస్తున్నాను. ఆవిడ రెయిలింగు పట్టుకుని, కొంచెం పక్కకి తిరిగి, ప్రతి మెట్టు మీదా రెండు కాళ్ళూ పెట్టి ఎక్కింది. ఆ ఎక్కడం నాకు బాగా తెలుసు. లోపలికొచ్చాక ఇల్లు ఆవిడకి తెగ నచ్చింది. నా మిషను పక్క కిటికీ దగ్గర చాలాసేపు నిలబడింది. వాళ్ళాయన ధరకి కూడా పెద్దగా అడ్డు చెప్పలేదు, బయానా ఇవాళే ఇస్తానన్నాడు. ఏజెంటమ్మ నా వైపు చూసి కళ్ళతోనే దణ్ణం పెట్టింది.

వెళ్ళబోతూ ఆవిడ నన్నడిగింది. "మెట్లు అలవాటైపోతాయి కదండీ?"

అవుతాయి అంటే సరిపోయేది. నా కొట్టు ఆ ఒక్క మాటలో ఉంది. నోరు తెరిచాను.

"అవ్వవమ్మా" అన్నాను. "మొదట్లో కూర్చుని కూర్చుని ఎక్కుతారు. తర్వాత్తర్వాత అసలు దిగడమే మానేస్తారు. నేను మానేశాను."

వాళ్ళు వెళ్ళిపోయారు. ఏజెంటమ్మ హెల్మెట్ పెట్టుకుని, కదలకుండా సోఫాలో అలాగే కూర్చుండిపోయింది. హెల్మెట్ లోంచే, "మీ ఇద్దర్లో సారే నయమనుకునే రోజొస్తుందని అనుకోలేదమ్మా" అంది.

సాయంత్రం మా ఆయన రాగానే చెప్పేశాను, చెప్తూ ఏడ్చేశాను. గురివింద గింజ తన నలుపెరగదంటారు. ఇన్నాళ్ళూ ఆయన్ని అన్నన్ని మాటలన్న దాన్ని, వడ్డీతో సహా తిరిగి ఇచ్చేస్తారని సిద్ధంగానే ఉన్నాను. ఆయన చెప్పులు కూడా విప్పలేదు.

"దిగడం మానేశావా?" అన్నారు.

"మీరు చూడలేదా? అన్నీ ఫోనులోనే తెప్పించుకుంటున్నాను కదా."

"సుఖంగా ఉందని తెప్పించుకుంటున్నావనుకున్నాను."

ఊళ్ళో గోడలన్నీ తట్టి చూసే మనిషి నా మోకాళ్ళ సంగతి గమనించలేదు. నాకు కోపం వచ్చింది, ఆయన మొహం చూస్తే ఆ కోపం నిలవలేదు.

మర్నాడు ఆఫీసుకి ఆలస్యంగా వెళ్ళారు. ఆ పై రోజు ఏజెంటమ్మ కొత్త కాగితం తెచ్చింది. ఇల్లు చూపించేటప్పుడు యజమానులిద్దరూ ఇంట్లో ఉండకూడదని అందులో షరతు. "సంతకం పెట్టు" అన్నారు ఆయన. మిగతాది చదవకుండానే పెట్టేశాను.

అప్పట్నుంచి ఎవరొస్తున్నా ఏజెంటమ్మ మమ్మల్ని ఇంట్లోంచి గెంటేసేది. ఆయన భుజం పట్టుకుని మెల్లగా దిగి, వీధి చివర పార్కులో బెంచీ మీద కూర్చునేదాన్ని. ఆయన కాళ్ళాడిస్తూ, "ఇప్పుడు స్నానాలగదిలో ఉండుంటారు" అని గొణిగేవారు. ఒకసారి లేవబోతే చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాను.

నెలాఖరుకి ఇంకా కాస్త టైముందనగా, మేం పార్కులో ఉండగానే ఏజెంటమ్మ ఫోన్ చేసింది. ఇద్దరు అన్నదమ్ములట, మెట్లు రెండేసి చొప్పున ఎక్కారట, ధరకి ఒప్పుకున్నారట. మా ఆయన నా చేతిలోంచి ఫోన్ లాక్కున్నారు.

"తేమ సంగతి చెప్పారా?"

"చెప్పాను సార్. పలకలూ చెప్పాను, గురకా చెప్పాను. అంతా కలిపి నిమిషం పట్టింది."

ఆయన ఫోన్ నాకు తిరిగిచ్చేశారు. నాకు మాత్రం పార్కులో అందరి ముందూ గెంతాలనిపించింది, మోకాళ్ళు ఒప్పుకోలేదు.

చివరి కాగితాల కోసం ఏజెంటమ్మ ఇంటికొచ్చిన రోజు మా ఆయన వంటింట్లో టీ పెడుతున్నారు. మనసులో మాట ఆపుకోలేక అన్నాను. "ఒకటింపావుకి మీ చేత ఇన్నిసార్లు మెట్లెక్కించాం. ఏమీ అనుకోకండి."

ఆవిడ వింతగా చూసింది. "ఒకటింపావేంటమ్మా? రెండున్నర."

"రెండున్నరా? ఎవరన్నారు?"

"సారే. కొత్త కాగితం తెచ్చానే, దాని ముందు రోజు పొద్దున్నే మా ఆఫీసుకొచ్చి మూడిస్తానన్నారు. వద్దు సార్, మీరిద్దరూ ఇంట్లో లేకపోతే ఒకటింపావే చాలన్నాను. అస్సలు ఒప్పుకోలేదు. ఒకటింపావుకైతే మీరు మిగతా ఇళ్ళూ చూసుకుంటారు, నెలాఖరు దాకా మా ఇల్లొక్కటే మీ కళ్ళకి కనబడాలి, లేకపోతే మా ఆవిడ కొట్టు పోతుంది అన్నారు. నేను తగ్గిస్తుంటే ఆయన పెంచడం. ఇన్నేళ్ళ వ్యాపారంలో ఇలాంటి బేరం నేను చూళ్ళేదమ్మా. చివరికి నేనే ఓడిపోయి రెండున్నర తీసుకున్నాను."

వంటింట్లోంచి, "చక్కెర ఎంత వేయమంటారు?" అని మా ఆయన అడుగుతున్నారు. ఇల్లు అమ్ముడైందన్న రోజు కూడా రాని ఏడుపు నాకప్పుడొచ్చింది.