రోజారాణి నీళ్లు

బలరాం బొగ్గుబాయి నుంచి ఇంటికొస్తే ముందుగాల మొహం కడగడు, చేపల్ని చూస్తడు. కొత్తగూడెంల వాళ్ల క్వార్టర్ ముందర్రూంల గాజు తొట్టి, దాంట్ల తెల్ల పట్టీలున్న నారింజ రంగు క్లౌన్ చేపల జంట. సముద్రమెక్కడ, బొగ్గుబాయెక్కడ! సోకున్నోనికి దూరమేంది?

ఓసారి తొట్టి నీళ్లల్ల కలపనీకి హైదరాబాదు నుంచి రావాల్సిన సముద్రపు ఉప్పు పొడి రాలేదు. చేపలు అడుగున పడి ఎగపోస్తున్నయి. ఆ పొద్దే మొగుని చేత మాట పడ్డ రోజారాణి, తొట్టి తుడుస్తూ దాంట్లనే ఏడ్చింది. చేపలు లేచి ఆడినయి. బలరాం మీటరు పెట్టి చూస్తే నీళ్లల్ల ఉప్పు సరిగ్గ సముద్రమంత ఉన్నది. పక్క క్వార్టర్ యశోద కూడా చూసింది. ఒక్కొక్కలకు చేతిల పచ్చడి కుదురుతది, ఈమెకు కండ్లల్ల ఉప్పు కుదిరింది అనుకుంట పోయింది.

ఇగ ఉప్పు పొడి తెచ్చుడు బందైంది. ఆదివారం నీళ్లు మార్చాలె. బలరాం పెండ్లాం ముందట బకెట్ పెడతడు, చాయ్ తాగుకుంట నిమ్మళంగ ఒక్కో మాట అంటడు. గొడ్డుదానివంటడు. కడుపులనే పోయిన బిడ్డను యాది చేస్తడు. చెయ్యి మాత్రం ఎత్తడు, అంత మంచోడు! బకెట్ నిండినంక, తిన్నవా అని కూడా అడుగుతడు. ఈ చేపల్ల ఆడదానిదే పెత్తనం, మొగది దాని ఎనకనే తిరుగుతదని వచ్చినోళ్లకు నవ్వుకుంట చెప్తడు.

ఒకనాడు చండ్రుగొండ నుంచి ఫోనొచ్చింది, రోజారాణి తల్లి వెంకమ్మ పోయిందని. చేపలకు మేత వెయ్యాలెనని బలరాం ఉండిపోయిండు. రోజారాణి ఒక్కతే ఉరికింది.

ఆడపిల్ల కన్నీళ్లు కాళ్ల మీద పడంది వాళ్ల ఇండ్లల్ల తల్లి పాడె లేపరు. రోజారాణి ఆ కాళ్లు పట్టుకున్నది. అమ్మా అమ్మా అని పిలిచింది, కండ్లల్ల చుక్క లేదు. పొద్దు వాలబట్టింది. తల్లి మీద పాణం లేదని ఆడోళ్లు గుసగుసలు పెట్టిన్రు.

"చెల్లే, అమ్మను ఇంకెంతసేపు ఇట్లనే ఉంచుదాం?" అన్నడు అన్న కుమారస్వామి.

ఆమె లేచి ఆటో మాట్లాడుకొని క్వార్టర్‌కు పోయింది. బకెట్ తెచ్చి తొట్టిల నీళ్లు ముంచబట్టింది. బలరాం రెక్క పట్టుకున్నడు.

"ఏందే, చేపలు సచ్చిపోతయి."

"నీళ్లు నాయి. చెయ్యి తియ్యి."

ఏనాడూ ఎదురుచెప్పని మనిషి అట్ల అనేసరికి ఆయన చెయ్యి తీసిండు.

అదే ఆటోల తిరిగొచ్చి, ఇవి నా కన్నీళ్లేనని చెప్పి ఆ నీళ్లు తల్లి కాళ్ల మీద పోసింది. పెద్దమనుషులు తలలూపిన్రు. అన్న పాడె ఎత్తిండు. బిడ్డంటే గిట్లుండాలె అని ఇందాక గుసగుసలాడినోళ్లే మెచ్చుకున్నరు.

దినాలైనంక బలరాం వచ్చి ఆమె తల్లిగారింటి గుమ్మంల నిలబడ్డడు. తొట్టి ఎండిందన్నడు, ఇంటికి రమ్మన్నడు. ఆమె లేవకపోయేసరికి గొడ్డుదానివన్నడు. రోజారాణి అన్నం కలుపుకుంటనే ఉన్నది. చూసి చూసి ఆయన బస్సెక్కిండు.

ఆమె మళ్ల ఆ క్వార్టర్ గడప తొక్కలేదు. కానీ ఆనాడు అమ్మ కాళ్ల మీద పోసిన బకెట్ నీళ్లు మొత్తం ఆయన మాటలకు ఏడ్చినవే. అమ్మ కోసం ఏడ్చింది దాంట్ల ఒక్క చుక్క లేదు. ఆ సంగతి రోజారాణికి తెలుసు.