పీకక్కర్లేదు

హలో, వినబడుతోందా అండీ? నోట్లో ఏమైనా ఉంటే నిదానంగా నమలండి, నాకేం తొందర లేదు. సొరుగులోంచి మాట్లాడుతున్నాను.

నేను ఒక పంటి ఎక్స్‌రే సెన్సర్ని. బిస్కెట్టు ముక్కంత ఒళ్ళు, వెనక తోకలా వైరు. ఎక్స్‌రే కిరణం తగిలితే చాలు, పన్ను వేరుతో సహా బొమ్మై కంప్యూటర్లో పడుతుంది. దుమ్ము రేణువు దూరని గదిలో పుట్టాను. ఆ తర్వాత బతుకంతా జనం నోళ్ళలో నానాను. నా విషయంలో అది మాటవరసకు అన్నది కాదు.

మొదట పట్నంలో ఒక పెద్ద ఆసుపత్రిలో చేశాను. కొత్త రకం రాగానే నన్ను అమ్మేశారు. మండపేటలో చిన్న క్లినిక్కు పెట్టుకున్న డాక్టర్ హైమ కొనుక్కున్నారు. అక్కడా ఇక్కడా మనుషులు ఒకటే. గుప్పెడు పకోడీలు ఒక్కసారే పట్టే నోట్లో నేను మాత్రం పట్టనంటారు.

ఒక ఉదయం సూరన్న మూతికి తువ్వాలు అడ్డం పెట్టుకుని వచ్చాడు. సన్నాయి విద్వాంసుడు. వెంట బావమరిది గవర్రాజు, డోలు వాయిస్తాడు. ముందురోజు పెళ్ళి ఊరేగింపులో మగపెళ్ళివారి మనిషొకడు వెనక్కి వెనక్కి చిందులేస్తూ వచ్చి సన్నాయిని గుద్దేశాడు. సన్నాయి వచ్చి పైపన్నును గుద్దింది. పన్ను ఊగుతోంది.

"నొప్పికి భయం లేదండి అమ్మగారూ. ఈ పన్ను పోతే పెదవి నిలవదండి. పీక పట్టలేను. నాకు ఇంకో పని రాదండి."

పీకంటే గొంతు కాదండోయ్. సన్నాయి కొసన పెదాల మధ్య పెట్టుకుని ఊదే చిన్న రెల్లు ముక్క. ఆయన జేబులో ఎప్పుడూ ఒకటి ఉంటుంది.

నన్ను నోట్లో పెట్టగానే సూరన్న అలవాటు కొద్దీ బుగ్గలు పూరించాడు. నేను జారాను. బొమ్మలో వేరు కొస పడలేదు.

"బావా, అది సన్నాయి కాదు. ఊదకు," అన్నాడు గవర్రాజు.

రెండోసారి బుద్ధిగా కూర్చున్నాడు. బొమ్మ బాగా వచ్చింది కానీ వేరులో ఏమీ కనబడలేదు. హైమగారికి నమ్మకం కుదరలేదు. అడ్డంగా పగిలిన వేరు ఒక్కోసారి తిన్నగా చూస్తే దొరకదు. ఎక్స్‌రే గొట్టం కాస్త వంచి మళ్ళీ తీశారు. ఈసారి వేరు కొసకు దగ్గర్లో సన్నటి నల్లగీత. ఆవిడ చాలాసేపు దాన్నే చూసి, నర్సుతో మెల్లగా అన్నారు.

"కొసలో విరిగింది. పీకక్కర్లేదు."

సూరన్న మొహం వాడిపోయింది. జేబులోంచి పీక తీశాడు. తువ్వాలుతో తుడిచి, పనిముట్ల పళ్ళెంలో పెట్టాడు.

"ఏంటండీ ఇది?" అన్నారు హైమగారు.

"పీకండి."

"పీకనని చెప్తుంటే మళ్ళీ పీకండంటారేంటండీ?"

"అక్కర్లేదని మీరే అన్నారు కదండి. ఇంక నా దగ్గరెందుకండి."

ముందు గవర్రాజుకు వెలిగింది. కుర్చీ వీపు మీద డోలు మీద కొట్టినట్టు కొట్టి నవ్వాడు. "బావా, ఆవిడ చెప్పింది పన్ను సంగతి. పన్ను తియ్యక్కర్లేదంటన్నారు."

సూరన్న నవ్వలేదు. తెరమీద నేను తీసిన బొమ్మనే చూస్తూ కళ్ళు తుడుచుకున్నాడు.

హైమగారు ఆ పన్నును పక్కపళ్ళతో కలిపి తీగతో కట్టి, తాను చెప్పేదాకా సన్నాయి ముట్టొద్దన్నారు. మాట మీద నిలబడ్డాడు. వచ్చినప్పుడల్లా నేనూ చూశాను. మొదటిసారిలా బుగ్గలు పూరించేవాడు కాదు. తీగ తీసిన రోజున క్లినిక్కులోనే నెమ్మదిగా ఊదాడు. బయట దవడలు పట్టుకుని కూర్చున్నవాళ్ళు చేతులు దించి విన్నారు. ఆ పీకను డాక్టరమ్మకే ఇచ్చి వెళ్ళాడు.

తర్వాత నా వైరు మొదలు దగ్గర తెగింది. కొత్త సెన్సర్ వచ్చింది, నేను సొరుగులోకి వచ్చాను, ఆ పీక పక్కకు. ఇద్దరం ఒకే నోట్లో మెదిలినవాళ్ళం. అది ఆయన్ని ఊరంతటికీ వినిపించింది. నేను కదలకుండా కూర్చోబెట్టాను.

ఉంటానండీ. ఈ సంగతి నలుగురికీ పంపండి. కదిలిన పన్ను ఎలాగూ పోయేదేగా అని కూర్చున్నవాళ్ళుంటే ముందు వాళ్ళకు పంపండి. ఒకసారి చూపించుకోమనండి. పీకక్కర్లేదేమో.